మెట్ల వైపు బరువు

తెగిన ప్లేటు ముక్క పెద్దసారు బల్ల మీద, టీ గ్లాసు పక్కన ఉంది. అరచెయ్యంత ఇనుము. ఒక అంచున వెల్డింగు కట్టు చేప వెన్నులా వరసగా, చెక్కుచెదరకుండా కనిపిస్తోంది. దాన్ని ఆనుకునే ఇనుము చిరిగింది, నానిన అట్టముక్క చిరిగినట్టు.

తానుల గోదాంలో ఈ షెడ్డువాళ్ళు కట్టిచ్చిన ఇనప అటక మొన్న ఒక మూల కుంగింది. గుడ్డ తానులు దొర్లి, కింద నిలబడ్డ హమాలీ జట్టు పెద్ద కాలి మీద పడ్డాయి. కాలు విరిగింది. ప్రాణం దక్కింది కాబట్టి ఇప్పుడు తప్పు ఎవరిదని అడగడానికి అందరికీ తీరిక చిక్కింది.

"వెల్డింగు వేడికి ఇనుము చచ్చింది. చచ్చిన ఇనుము చిరిగింది. దీనికి పెద్ద శాస్త్రం అక్కర్లేదు," అన్నాడు పెద్దసారు. కింద షెడ్డు ఆయనదే, దాని నెత్తిన ఉన్న ఈ ఆఫీసూ ఆయనదే.

ఆమె బల్లకి ఇవతల నిలబడి ఉంది. షెడ్డులో అందరూ ఆమెను బొమ్మలమ్మ అంటారు. ఇనుము కొయ్యకముందే అటకల్నీ మెట్లనీ కంప్యూటర్లో కట్టి, వాటి మీద బరువు పెట్టి, ఎక్కడ ఓర్చుకుంటాయో ఎక్కడ మొరాయిస్తాయో రంగుల్లో చూపించడం ఆమె పని. నీలం, ఆకుపచ్చ అయితే క్షేమం. ఎరుపు వచ్చిందంటే ఇనుము చేతులెత్తేసినట్టు. ఆ అటకకు వెల్డింగు చేసింది ఆమె బావగారు, భర్తకి అన్న. ఆ సంగతి పెద్దసారుకి తెలుసు. తెలిసే పిలిచాడు.

"ఇంజినీరు సంతకం పెట్టిన బొమ్మ ఉంది. అంతా ఆకుపచ్చే. బొమ్మ బాగుంటే తప్పు చేతిదే కదా? ఆ బొమ్మ అచ్చు తీసి, కింద వెల్డింగు లోపం అని రాసివ్వు. శుక్రవారం షావుకారు వస్తున్నాడు. మీ బావగారి వెల్డింగు కార్డు కూడా రద్దుకి పంపించేద్దాం. ఏం చేస్తాం మరి."

ఆ కార్డు లేనివాడి చేతికి ఏ షెడ్డులోనూ వెల్డింగు హోల్డరు ఇవ్వరు. తుడుచుకోమని చీపురు ఇస్తారు.

గోడకి ఆనుకున్న ఇంజినీరు తన బూట్ల వంక చూసుకుంటున్నాడు, వాటి మీద ఏదో రాసున్నట్టు.

"బొమ్మ నాది సార్," అందామె. "దాని కింద ఏం రాయాలో మళ్ళీ ఒకసారి చూసి చెప్తాను."

"మళ్ళీ చూస్తే రంగు మారుద్దా?"

"మారకపోతే మీరు చెప్పిందే రాస్తాను. మా బావగారని చూడను."

తన బొమ్మల మీద ఆమెకంత నమ్మకం. బావగారి చేతి మీద కూడా అంతే నమ్మకం. రెండు నమ్మకాలూ ఒకేసారి నిలబడవన్న సంగతి మెట్లు దిగుతుండగా తట్టింది. అయినా ఆగలేదు. కంప్యూటర్ ముందు కూర్చుని ఫైలు తెరిచింది.

అటక తెర మీదకు వచ్చింది. నాలుగు దూలాలు, వాటి మీద కాలు జారకుండా గరుకు గళ్ళున్న చెకర్డు ప్లేటు పరుపు, ముందు మూల మెట్లు. స్తంభాల పాదాలు నేలకి బిగించి ఉన్నాయి. సరిగ్గానే ఉన్నాయి. బరువు బాణాలు చూసింది. పరుపు అంతటా ఒకే ఎత్తున, ఒకే ఎడంగా, దువ్వెన పళ్ళలా కిందికి చూస్తున్నాయి. అంకె చూసింది. ఇంజినీరు ఇచ్చిన మొత్తం బరువే. ఒక సున్నా ఎక్కువా కాదు, తక్కువా కాదు. దూలాల మందం చూసింది. ప్లేటు మందం చూసింది. మళ్ళీ లెక్క నడిపించింది. కాసేపు గిరగిర తిరిగి, అటక మొత్తం చిగురు వేసినట్టు ఆకుపచ్చగా నవ్వింది.

ఆ నవ్వు చూసి ఆమెకు మొదటిసారి ఒళ్ళు మండింది.

*

ఇంట్లో వంటగది ఒక్కటే, కాపురాలు రెండు. ఆమె భర్త లారీ మీద తిరుగుతూ వారానికోసారి ఇల్లు చూసేవాడు. బావగారికి ఇల్లు చూడటం తప్ప పని లేకుండా పోయి మూడు పూటలైంది. ఊరుకోలేని మనిషి. కుంటుతున్న స్టూలు తిరగేసి, కాలికి మేకు వేస్తున్నాడు. పొద్దుటి నుంచీ ఇంట్లో కుంటే వస్తువేదీ మిగల్లేదు.

తోటికోడలు బల్ల దగ్గర పళ్ళెంలో చిక్కుడు గింజలు ఏరుతోంది. చేతుల కంటే నోరు వేగంగా నడుస్తోంది.

"ఆయన పాతికేళ్ళు నిప్పుల్లో చెయ్యి పెట్టాడు. నువ్వు చల్లటి గదిలో రంగులేశావు. ఇప్పుడు నీ రంగు నిజమంట, ఆయన చెయ్యి అబద్ధమంట. బాగుంది న్యాయం!"

"అక్కా, నేనేమన్నా అన్నానా ఆయన్ని?"

"నువ్వనక్కర్లేదమ్మా. నీ బొమ్మ అంటోందిగా."

"ఊరుకోవే," అన్నాడు బావగారు, నోట్లో మేకులతో. మేకులు చేతిలోకి తీసుకుని ఆమె వైపు తిరిగాడు. "అమ్మాయ్, ఒక్కటి చెప్పు. నువ్వు దాని మీద బరువు ఎట్లా పెట్టావు?"

"ఎట్లా అంటే? ఎంత పెట్టాలో అంతే పెట్టాను బావగారూ."

"ఎంత అనలేదు. ఎట్లా అన్నాను."

ఆమె తోటికోడలి ముందున్న పళ్ళెం తన వైపు లాక్కుంది. కుప్పగా ఉన్న గింజల్ని అరచేత్తో పళ్ళెమంతా పరిచింది. ఎక్కడా ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా, ఖాళీ మిగలకుండా.

"ఇదిగో, ఇట్లా. అంతటా సమానంగా."

తోటికోడలు పళ్ళెం వంక చూసి ఫక్కున నవ్వింది. కోపంలో వచ్చిన నవ్వు, అందుకే ఇంకా గట్టిగా వచ్చింది.

"సమానంగానా! ఎవరు పెడతారే అట్లా? ఈ కొంపలో చెప్పులు చూడు. ఇంత ఇల్లుంది కదా, ఎవడన్నా ఇల్లంతా సమానంగా విడుస్తున్నాడా? వచ్చిన ప్రతివాడూ గుమ్మంలోనే. రోజూ వాటి మీద తూలి పడలేక చస్తున్నా."

ఆమె తల తిప్పి గుమ్మం చూసింది. బావగారి బూట్లు, తోటికోడలి చెప్పులు, పిల్లల చెప్పులు, తనవి, అన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి తలుపును సగం కూడా తెరుచుకోనివ్వట్లేదు. వెనక నడవా అంతా అద్దంలా ఖాళీ.

"అక్కా," అంది మెల్లగా, "నీ నోరు మంచిదే."

"ఇన్నేళ్ళకి తెలిసిందా?" అంటూ తోటికోడలు పళ్ళెం వెనక్కి లాక్కుంది. గింజలన్నీ జారి మళ్ళీ ఒక పక్కకే చేరాయి.

*

మర్నాడు పొద్దున ఆమె గోదాంకి వెళ్ళేసరికి కుంగిన అటకకి కింద కర్రలు పోటు పెట్టి తాడు కట్టి ఉంది. దాని కవల అటక గోదాం అవతలి చివర ఉంది, అదే కొలత, అదే మెట్లు, ఇంకా పనిలోనే ఉంది. దాని కింద ప్లాస్టిక్ కుర్చీలో, కట్టు కట్టిన కాలు తానుల మూట మీద చాపుకుని హమాలీ జట్టు పెద్ద కూర్చున్నాడు. పేరు అడిగితే చెప్పేవాళ్ళు లేరు. అందరికీ మైకు. మెల్లగా మాట్లాడటం పుట్టుకతోనే రాలేదు. ఇంట్లో ఉండమంటే ఉండలేక, కాలు విరిగినా గొంతు విరగలేదని పనిలోకి వచ్చేశాడు.

"ఏంటమ్మా, షెడ్డు నుంచి మళ్ళీ కొలతలకా? ఈసారి రెండో కాలికా?" అని అరిచాడు.

"కొలతలు కాదన్నా. ఊరికే చూసిపోదామని."

"ఊరికే చూసేవాళ్ళకి కూడా ఓ కుర్చీ వెయ్యండ్రా!"

ఆమె కూర్చోలేదు. మెట్ల పక్కన నిలబడి చూసింది. బండి వెనక్కి వచ్చి ఆగింది. తాను భుజానికెత్తుకున్న మొదటి మనిషి మెట్లెక్కాడు. మోకాళ్ళు వంచి, ఒక్కో మెట్టు మీదా ఊపిరి వదులుతూ. పైకి చేరగానే రెండడుగులు వేశాడు. భుజం వంచాడు. తాను ధబ్బున పడింది. ఇనుము సన్నగా గుయ్యిమంది. రెండో మనిషి దాని మీదే పడేశాడు. మూడోవాడు కాలితో తోసి, ఆ పైన నిలబెట్టాడు. కిందనుంచి డ్రైవరు హారను కొడుతున్నాడు. బండి ఖాళీ అయ్యేసరికి మెట్లు ముగిసే చోట తానుల గుట్ట మనిషెత్తు లేచింది.

ఆమె పైకెక్కి, గుట్ట పక్కనుంచి ఒదిగి వెనక్కి నడిచింది. రెండో దూలం దాటాక తానులు పలచబడ్డాయి. మూడో దూలం దాటాక లేవు. వెనక మూల పరుపు మీద దుమ్ము మెత్తగా పేరుకుంది. చిరిగిన సంచి మీద ఒక పిల్లి, పిల్లల్ని పక్కలో వేసుకుని పడుకుంది. ఆమెను చూసి కళ్ళు తెరిచింది గాని లేవలేదు. ఇన్నాళ్ళలో ఇక్కడికి ఎవరూ రాలేదని, ఇకముందూ రారని దానికి గట్టి నమ్మకం.

కిందికి దిగి మైకుని అడిగింది. "వెనకదాకా ఎందుకు తీసుకెళ్ళరన్నా?"

"ఎందుకు తీసుకెళ్ళాలమ్మా?"

"ఖాళీగా ఉందిగా."

"ఆకాశం కూడా ఖాళీగానే ఉంది." జట్టంతా నవ్వింది. మైకు నవ్వలేదు. "బండి ఆగదమ్మా. వెనకది దించేలోపు ముందుది అరుస్తది. సాయంత్రం మళ్ళీ ఇక్కణ్ణుంచే ఎత్తి బండికెయ్యాలి. రెండు గంటల కోసం ఆ మూలకి మోసి, మళ్ళీ ఆ మూలనుంచి మోస్తే, మా నడుముకి పోటు ఎవరు పెడతారు? అక్కడ సమానంగా సర్దమని మాకెవడూ చెప్పలా. చెప్పినా చెయ్యం అనుకో, అది వేరే సంగతి."

ఆమెకు నవ్వొచ్చింది. ఇంత సూటైన జవాబు ఆఫీసులో ఎవరి దగ్గరా దొరకదు.

*

మధ్యాహ్నానికి కంప్యూటర్ ముందుంది. పాత బాణాల మీద నొక్కింది. తీసెయ్యాలా అని యంత్రం అడిగింది. తీసెయ్యమంది. దువ్వెన పళ్ళన్నీ ఒక్కసారిగా మాయమై అటక బోడిగా మిగిలింది.

పరుపును దూలం దూలానికీ ముక్కలుగా విడదీసింది. బరువు అంతటా ఒకటే అన్న చోట కాకుండా, ఒక కొస నుంచి ఇంకో కొసకు తగ్గుతూ పోతుంది అన్న చోట నొక్కింది. ఆ వసతి ఎప్పుడూ అక్కడే ఉంది. ఎప్పుడూ ముట్టుకోలేదు, అంతే. మెట్లు ముగిసే చోట గుట్ట, రెండో దూలం దగ్గర పలచన, మూడో దూలం అవతల సున్నా. బాణాలు మెట్ల పక్కన తాటిచెట్లలా లేచి, వెనక్కి పోయేకొద్దీ గడ్డిలా పొట్టివై, మాయమయ్యాయి. పిల్లి ఉన్న మూల ఒక్క బాణం కూడా లేదు.

నడిపించేముందు ఒక పని చేసింది. మొత్తం బరువు కూడి చూసింది. మొదటి బొమ్మలో ఎంతో ఇందులోనూ అంతే. ఒక్క తాను పెంచలేదు. చోటు మార్చింది, అంతే.

తెర గిరగిర తిరిగింది. అటక వెనక భాగం నీలంగా నిద్రపోతోంది. ముందు దూలం ఆకుపచ్చ, పసుపు, నారింజ. దాని చివర, స్తంభానికి అతికే చోట, ప్లేటు ఎర్రగా కణకణలాడింది. దగ్గరికి లాగి చూసింది. ఎరుపు సరిగ్గా వెల్డింగు కట్టు పక్కన, ముక్క చిరిగిన గీత మీదే ఉంది. వెల్డింగు ఎంత బాగున్నా, ఎవరు చేసినా, ఆ మందం ప్లేటు ఆ బరువుకి అక్కడ చిరగాల్సిందే.

ఇంజినీరు వెనక వచ్చి నిలబడ్డాడు.

"బరువు పెంచారా?" అన్నాడు.

"లేదు సార్. కూడి చూసుకోండి."

ఆయన కూడి చూసుకున్నాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు, మురికి లేకపోయినా. "సమానంగా పెట్టమని నేనే కదా చెప్పాను," అన్నాడు, ఆమెతో కాదన్నట్టు.

పెద్దసారు మాత్రం ఎరుపు చూసి వెలిగిపోయాడు. ఆయన అంత సంతోషిస్తాడని ఆమె అనుకోలేదు.

"అయితే ఇంకేం! హమాలీలు ఇష్టమొచ్చినట్టు కుప్ప పోశారు. మన తప్పు లేదు, మీ బావగారి తప్పూ లేదు. ఆయన్ని రేపే పనిలోకి రమ్మను. ఆ అరుపులాయన ఎవరు, మైకు? జట్టుకి పెద్ద ఆయనేగా. సరుకు తప్పుగా పేర్చారు అని రాసి పెట్టు. షావుకారు కూడా సుఖపడతాడు. ఆ జట్టుని మాన్పించి వేరే జట్టుని పెట్టుకుంటాడు, కాలికి జవాబు చెప్పుకునే పనీ తప్పుద్ది."

తప్పు నీళ్ళలాంటిది. గట్టు తెగితే పల్లం వెతుక్కుంటుంది. నిన్న బావగారి దగ్గర ఆగింది, ఇవాళ ఇంకో మెట్టు కిందికి దిగి, విరిగిన కాలి కింద మడుగు కట్టింది.

ఆమె తన చోటికి వచ్చి బావగారికి ఫోను చేసింది.

"కార్డుకి ఏం కాదు బావగారూ. రేపు రమ్మన్నారు."

అవతల ముక్కు చీదిన చప్పుడు. తర్వాత మామూలు గొంతు. "మంచిది అమ్మాయ్. మరి ఎవరి మీద పెట్టారు?"

"మైకు మీద."

"వాడు కింద కదా నిలబడింది!" అన్నాడు బావగారు. ఇంకేమీ అనలేదు. అనకపోవడమే ఆమెకు బరువైంది. తోటికోడలయితే నాలుగు తిట్టి తేల్చేసేది.

వెళ్తూ వెళ్తూ ఇంజినీరు గుమ్మంలో ఆగాడు. "వదిలెయ్యండమ్మా. మీ ఇంటివాళ్ళు బయటపడ్డారుగా."

"పడ్డారు సార్," అందామె. రెండు బొమ్మల్నీ ఒకే పేజీలో పక్కపక్కన పెట్టుకుంటోంది.

*

శుక్రవారం షావుకారు వచ్చాడు. పొట్టి మనిషి, తెల్లటి బట్టలు, కూర్చున్నా నిలబడ్డట్టే తొందర. పెద్దసారు ఆయనకు మంచి కుర్చీ వేసి, తను చప్పుడయ్యే కుర్చీలో కూర్చున్నాడు. ఇంజినీరు గోడ దగ్గర. ఆమె తెరను ఆయన వైపు తిప్పింది.

"రెండు ఉన్నాయేంటి? ఏది నిజం?" అన్నాడు షావుకారు.

"మొదటిది మేం అనుకున్నదండీ. రెండోది మీ గోదాంలో రోజూ జరిగేది. బరువు రెండింట్లోనూ ఒకటే."

"అంటే మా కూలీలు తప్పుగా పెట్టారన్నమాట."

"అదేనండీ, అదే..." పెద్దసారు అందుకోబోయాడు.

"కాదండీ," అందామె. గొంతు పెంచలేదు. పెంచాల్సిన అవసరం కనపడలేదు. "మీ ఇంట్లో చెప్పులు ఎక్కడ విడుస్తారు?"

షావుకారు ఆమెను ఎగాదిగా చూశాడు. "గుమ్మం దగ్గర. ఏం?"

"ఇల్లంతా సమానంగా పంచి విడవరు కదండీ. మెట్లెక్కిన మనిషి మెట్ల దగ్గరే దించుతాడు. వాళ్ళది తప్పు కాదు, మనిషి నడిచే తీరే అది. అటక ఆ తీరుకి కట్టాలి. సమానంగా పెడతారని అనుకుని బాణాలు పెట్టింది నేను. గోదాం ఒక్కసారి కూడా చూడకుండా పెట్టాను. అదే రాశాను. కింద నా పేరుంది."

పెద్దసారు కుర్చీ కిర్రుమంది. "ఏం మాట్లాడుతున్నావమ్మా నువ్వు? నిన్నెవరు అడిగారు..."

"పెట్టమన్నది నేను సార్."

అందరూ గోడవైపు చూశారు. ఇంజినీరు బూట్ల మీద నుంచి కళ్ళెత్తాడు. బల్ల దగ్గరికి వచ్చి, ఆమె పెన్ను తీసుకుని, ఆమె పేరు కింద తన పేరు రాశాడు.

"తిలాపాపం తలా పిడికెడు! బాగుంది," అన్నాడు షావుకారు. "సరే, మెట్ల దగ్గరే బరువు పడుతుందని చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. అక్కడొక స్తంభం వేసి చావొచ్చుగా మీరు?"

"వేస్తామంటే మీరే కదా వద్దన్నారు, బండి తిప్పడానికి అడ్డమని!" అనేశాడు పెద్దసారు. అన్నాక నాలిక్కరుచుకున్నాడు.

షావుకారు తన పిడికిలి వంక చూసుకున్నాడు, అందులోకి ఇప్పుడే ఏదో వచ్చి పడ్డట్టు. మైకు పేరు ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే మొదట్నుంచీ మాట్లాడాల్సి వచ్చేది.

షావుకారు వెళ్ళిపోయాక పెద్దసారు ఆమెకు శిక్ష వేశాడు. "ఇంత నీతి తెలిసినదానివి కదా. ఇకనుంచి ఏ బొమ్మ మీద బరువు పెట్టాలన్నా ముందు నువ్వే వెళ్ళి ఆ చోటు చూసి రా. ఎండైనా, వానైనా. చూసొచ్చానని రాసి సంతకం కూడా నువ్వే పెట్టు. అప్పుడు తెలుస్తుంది."

"అలాగే సార్," అందామె, కూర్చోమని ఎవరో పీట వేసినట్టు.

*

కొత్త స్తంభాలు వచ్చాయి. కవల అటక కిందే ముందు నిలబెడుతున్నారు. బావగారు ముఖానికి అద్దం తొడుక్కుని, స్తంభం పాదం దగ్గర గొంతుక్కూచున్నాడు. బండి రోడ్డు మీద హారను కొడుతోంది. కట్టు మారిన కాలు చాపుకుని మైకు అందరికీ దారులు చెప్తున్నాడు. వాటిని ఎవరూ అడగలేదు.

"ఇది మేమేనా అమ్మా?" అన్నాడు, ఆమె చేతిలోని కాగితం మీద ఎర్ర మచ్చ చూసి.

"మీరే అన్నా."

"ఇంతుంటామా మేం!" అన్నాడు మైకు. గోదాం అవతలిదాకా వినపడింది. కాగితం అడిగి తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

బావగారు అద్దం పైకెత్తాడు. "ఇక్కడేనా అమ్మాయ్?"

ఆమె తలెత్తి పైన పరుపును చూసింది. మెట్లను చూసింది. భుజం మీద తానుతో మొదటి మెట్టు మీద కాలు మోపి, ఎప్పుడు దారిస్తారా అని ఎదురుచూస్తున్న మనిషిని చూసింది.

"ఇంకొంచెం మెట్ల వైపు, బావగారూ."

ఆయన స్తంభాన్ని జరిపాడు. నిప్పురవ్వలు లేచాయి, ఆరాయి. ఇనుము చల్లారాక సుత్తితో ఒకసారి తట్టి, విని, తల ఊపాడు.

మనిషి మెట్లెక్కాడు. ఊపిరి వదిలాడు. రెండడుగులు వేశాడు. వెనకంతా ఖాళీ. పిల్లి ఒక కన్ను తెరిచి చూసి, మళ్ళీ మూసుకుంది. భుజం వంచి, ఎప్పుడూ పడేసే చోటే తాను పడేశాడు.

ఇనుము గుయ్యిమనలేదు.